ఫ్లాస్కులో టీ మరక లేదు

శవం కంకర క్వారీ పక్కన దొరికింది. ఛాతీలో ఒకే బుల్లెట్. చొక్కాకు గుచ్చిన అట్ట మీద, "పోలీసుల మనిషికి ఇదే శిక్ష."

చనిపోయింది గెరిల్లా దళంలో వంటవాడు. నాయకులు జబ్బుల వంకతో ఆస్పత్రుల్లో దాక్కుంటున్నారని తిట్టిపోసి, పెద్ద పార్టీ నుంచి చీలిపోయిన పార్టీ వాళ్లది. మనుషులు గుప్పెడు, పార్టీ పేరు మాత్రం బారెడు.

అంతకు వారం ముందు పోలీసులు వాళ్ల క్యాంపు మీద పడ్డారు. దళం తప్పించుకుంది. ఉప్పందించింది వంటవాడేనని తేల్చి కాల్చేసింది. తర్వాత దళనాయకుడు దొరికాడు.

వంటవాడి అక్క రోజూ స్టేషన్‌కు వచ్చేది. శవం మోయడానికి కూడా ఎవరూ రాలేదట. తమ్ముడు ద్రోహి అవునో కాదో తేల్చమని ఒకటే పోరు. ఆమె మొహం చూడలేక ఇన్‌స్పెక్టర్ ఫైళ్లు తిరగేసేవాడు.

ఆ మధ్యాహ్నం ఆమెనూ నాయకుణ్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టాడు. క్యాంపులో దొరికిన ఫ్లాస్కు బల్ల మీద పెట్టాడు.

"ఎవరిది?"

"వంటవాడిది. టీకి," అన్నాడు నాయకుడు.

"లోపల ఒక్క టీ మరక లేదు. ఇందులో పోసింది ఐసు. చొక్కా ఎత్తు."

నాయకుడు కదల్లేదు. కానిస్టేబుల్ ఎత్తాడు. పొట్ట మీద సూది మచ్చలు.

"ఇన్సులిన్. అది పాడవకుండా ఉండటానికే ఐసు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

మిగతాది గొంతు తగ్గించి చెప్పాడు. ఎవడో రోజూ సైకిల్ మీద ఐసు పట్టుకెళ్తున్నాడని, అడవిలో పేకాట క్లబ్బు నడుస్తోందని ఐస్ ఫ్యాక్టరీ యజమాని ఫోన్ చేశాడు. పేకాటరాయుళ్లను పట్టుకోబోయి పోలీసులు దళం మీద పడ్డారు.

"అయితే మా తమ్ముడు చెప్పలేదా?"

"ఎవరూ చెప్పలేదమ్మా."

"మరి లోపలి మనిషే చెప్పాడని పేపర్లో వేయించారేం?"

ఇన్‌స్పెక్టర్‌కు తల కొట్టేసినట్టయింది. ఆ ప్రకటన రాసింది తనే.

"పేకాట కోసం వెళ్లామని చెప్పుకోడానికి సిగ్గేసింది."

ఆమె నాయకుడి వైపు తిరిగింది.

"మీ జబ్బు సంగతి వాడికి తెలుసా?"

"తెలుసు. రోజూ సూది వేసింది అతనే."

"సైకిలెక్కి ఎక్కడికెళ్తున్నావని వాణ్ని అడగలేదా ఎవరూ?"

"నేనే అడిగాను. దళమంతా ఎదురుగా ఉంది."

"ఏమన్నాడు?"

నాయకుడు చొక్కా కిందికి లాక్కున్నాడు.

"ఏమీ అనలేదమ్మా. నావైపు చూశాడు. నేను చెబుతాననుకున్నాడు."

ఆమె కళ్లు తుడుచుకుని లేచింది.

"ఈ మాటలే పేపరు వాళ్ల ముందు చెప్పండి," అంది. "ఇద్దరూ."