చివరి పేజీలు చింపిందెవరు?

నాలుగు కొత్త మిస్టరీ నవలలు. నాలుగింటికీ చివరి పేజీలు లేవు.

సోమవారం లైబ్రరీ తెరవగానే గాజు బీరువాలో బయటపడిన నేరం ఇది. బీరువా మీద లైబ్రేరియన్ రాసిపెట్టిన అట్ట: "కొత్తవి. తప్పక చదవండి." నెలనెలా ఆమె ఎంచిపెట్టే నవలల కోసం క్రైమ్ అభిమానులు పడి చస్తారు.

"ఇక చాలు. సాయంత్రానికి ఈ బీరువా ఖాళీ చేయండి" అన్నాడు లైబ్రరీ అధ్యక్షుడు. "హత్యల పుస్తకాలు చదివే పిచ్చోళ్ళ పనే ఇది."

"చేయను" అంది లైబ్రేరియన్. ఒళ్ళు మండిపోయింది ఆమెకు. పోలీసులకు ఫోన్ చేసింది.

ఎస్సై వచ్చింది. చిరిగిన పుస్తకాలకి పోలీసులా అని అధ్యక్షుడు నవ్వాడు. ఎస్సై నవ్వలేదు.

"తాళం పగిలిందా?"

"లేదు" అంది లైబ్రేరియన్.

"తాళంచెవులు ఎవరెవరి దగ్గరున్నాయి?"

"నాకొకటి, అధ్యక్షుల వారికొకటి. మా పాఠకుల క్లబ్ కార్యదర్శి, ఈ డెంటిస్టు గారికొకటి" అంటూ పక్కనే నిలబడ్డ ఆయన్ని చూపించింది లైబ్రేరియన్.

అధ్యక్షుడు అందుకున్నాడు. "ఇంకేం! నాలుగో నవల ఎందుకు సిఫారసు చేశావని పోయిన వారమే ఈవిడ మీద ఇంతెత్తున లేచాడాయన."

"అది చెత్తే" అన్నాడు డెంటిస్టు తగ్గకుండా. "హంతకురాలు నర్సని సగంలోనే తెలిసిపోయింది."

"నేనింకా చదవలేదండీ" అంది ఎస్సై మొహం మాడ్చుకుని.

నాలుగో నవల తీసింది. చివరి నుంచి వెనక్కి తిప్పింది. ఆగింది.

"నర్సు దొరికింది. శిక్ష కూడా పడింది. కథ మొత్తం ఉందిగా! మరి పోయిన పేజీలేంటి?"

"ఆ రచయిత రాబోయే నవల మొదటి అధ్యాయం" అంది లైబ్రేరియన్. "కొత్త పుస్తకాల చివర మచ్చుకి వేస్తుంటారు."

ఎస్సై అధ్యక్షుడి వైపు తిరిగింది.

"ఈవిడ చదివి మెచ్చుకుంది. ఆయన చదివి తిట్టాడు. ముగింపు ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు. పాడు చేయాలనుకుంటే దాన్నే చింపేవాళ్ళు. చదవని మనిషే వెనక నుంచి గుప్పెడు కాగితాలు లాగేశాడు. మీరు చదివారా సార్?"

"ఛీ! అలాంటివి నేను ముట్టుకోను."

"ముట్టుకున్నారు. చదవలేదంతే."

అధ్యక్షుడు గొణిగాడు.

"జనం మంచి కోసమే చేశాను. ఇవి చదివితే చెడిపోతారు."

"ఇవి చదివే నేను పోలీసునయ్యాను" అంది ఎస్సై.

లైబ్రేరియన్ చిరిగిన పుస్తకాలను అలాగే బీరువాలో నిలబెట్టింది.

"వచ్చే నెల నాలుగు కాదు, ఎనిమిది పెడతాను. ఇంకో బీరువా తెప్పించండి."

"ఆ నర్సు నవల రాసినాయనది మాత్రం వద్దు" అన్నాడు డెంటిస్టు.

"ముందు పెట్టేది అదే" అందామె.