కేరియర్ మీద రత్తమ్మ

నరసాపురం నుంచి సముద్రం వైపు సైకిలు మీద వెళ్ళేవాళ్ళకి ఆ దారిలో అన్నీ బాగుంటాయి. కాలవగట్టు, కొబ్బరితోటలు, రొయ్యల చెరువులు, ఆ తర్వాత వంతెన. వంతెన దిగగానే రెండు కిలోమీటర్ల సరుగుడుతోట. తోట చివర సముద్రపు నీళ్ళని ఆపే ఉప్పుతూము, అది దాటితే కొత్తమెరక ఊరు, ఆ వెనక సముద్రం. పగలు ఎవరైనా హాయిగా వెళ్ళొచ్చు. చీకటి పడ్డాక మాత్రం ఆ తోటలో సైకిలు తొక్కకూడదంటారు.

ఎందుకంటే తూము దగ్గర కేరియర్ మీద ఎవరో ఎక్కుతారు... వంతెన దగ్గర దిగిపోతారు.

నమ్మనివాళ్ళకి ఊళ్ళో చూపించే సాక్ష్యం ఒకటే. "తాగి వాగిన మాట కాదండి. హైస్కూల్లో సైన్సు మేష్టారు చెప్పారు. ఆయనకే జరిగిందండి."

ఆ సైన్సు మేష్టారు నేనే.

అది తొంభై ఎనిమిది డిసెంబరు. నాకు ముప్ఫై ఏళ్ళు. ఆగస్టు పదిహేనుకి మైకు పట్టుకుని మూఢనమ్మకాల మీద ఇరవై నిమిషాలు దంచినవాణ్ణి. చివరికి హెడ్మాస్టరుగారే వచ్చి మైకు లాక్కున్నారు. కొత్తమెరక స్కూలుకి రోజూ నరసాపురం నుంచి సైకిలు మీదే వెళ్ళొచ్చేవాణ్ణి. ఆ నెల పదో తరగతికి సాయంత్రం క్లాసులు పెట్టారు. వదిలేసరికి ఏడవుతుంది కదా అని సైకిలుకి కొత్త డైనమో బిగించాను. వెనకచక్రం పక్కన చిన్న సీసాలా ఉండేది. నొక్కితే టైరుకి ఆనుకుని తిరిగి ముందు లైటు వెలిగేది.

టైరు అరిగిపోతుందని అవసరమైన చోట తప్ప వేసేవాణ్ణి కాదు. కొత్తమెరకలో వీధిలైట్లుండేవి. వంతెన అవతల రొయ్యల చెరువుల గట్ల మీద వరసగా బల్బులుండేవి. మధ్యలో తోట ఒక్కటే చీకటి.

మొదటి రాత్రి తూము దగ్గర ఆగి, డైనమో నొక్కి, మళ్ళీ ఎక్కాను. పది గజాలు వెళ్ళానో లేదో — సైకిలు బరువెక్కింది.

ఎవరో ఒద్దికగా, రెండు కాళ్ళూ ఒకపక్కకి పెట్టుకుని, కేరియర్ మీద కూర్చున్నట్టు...

వెనకనుంచి సన్నగా మూలుగు. గట్టిగా తొక్కితే మూలుగు పెరిగేది. నెమ్మదిస్తే తగ్గేది. ఎవరో చూద్దామని ధైర్యం చేసి బ్రేకు వేశాను — లైటు ఆరిపోయింది.

ఇంక చూడలేదు. ఆంజనేయ దండకం సగమే వచ్చు, ఆ సగాన్నే తిప్పి తిప్పి చదువుతూ తొక్కాను. వంతెన దగ్గర బల్బులు కనపడ్డాక, అంత భయంలోనూ టైరు గుర్తొచ్చి డైనమో పైకి లాగాను. సరిగ్గా అక్కడే సైకిలు తేలికైపోయింది. దిగిపోయింది అనుకున్నాను.

మర్నాడు నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు. స్టాఫ్ రూములో టీ ఇస్తున్న అటెండరు అచ్చిబాబుతో, ఎవరికీ చెప్పొద్దంటూ, అంతా చెప్పేశాను. అచ్చిబాబు గ్లాసు బల్ల మీద పెట్టి గొంతు తగ్గించాడు.

"తూము దగ్గర ఎక్కి వంతెన దగ్గర దిగిందంటే ఇంకెవరండీ... రత్తమ్మేనండి."



రత్తమ్మని నేనెరుగుదును. ముసలావిడ. మధ్యాహ్నం సముద్రం ఒడ్డున ఎండు చేపలు కొనుక్కుని, సాయంత్రం తట్ట నెత్తిన పెట్టుకుని, వంతెన దగ్గరున్న వాళ్ళ పేటకి నడిచిపోయేది. మర్నాడు పొద్దున్న నరసాపురంలో అమ్ముకునేది. తూము దగ్గర నిలబడి సైకిలు మీద వెళ్ళే ప్రతివాళ్ళనీ అడిగేది, వంతెన దాకా ఎక్కించుకోమని. తట్ట వాసనకి ఎవరూ ఎక్కించుకునేవారు కాదు. ఆ ఏడు వానల్లో అదే తూము దగ్గర జారిపడి పోయింది.

నన్ను కూడా అడిగింది. ఒకసారి కాదు, రెండుసార్లు. రెండోసారి "మేష్టారండీ" అని పిలిచి మరీ అడిగింది. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాను. వినపడనట్టు వెళ్ళిపోయాను. ఈ సంగతి మాత్రం అచ్చిబాబుకి చెప్పలేదు.

వారం తిరిగేసరికి ఊరంతా పాకింది. తోటలో రోడ్డు మీద ఇసుక మేట వేస్తుంది, సముద్రం గాలి కొడుతుంది, అక్కడ ఎవరి సైకిలైనా కాస్త బరువెక్కుతుంది. అంతకుముందు దాన్ని ఇసుక అనేవాళ్ళు. నేను నోరు విప్పాక రత్తమ్మ అన్నారు. సైన్సు మేష్టారు చెప్పాక ఇంక అనుమానం ఏముంది?

సంక్రాంతి సెలవుల ముందు చూసుకుంటే, పదో తరగతిలో దేవకుమారి రావడం లేదు. రత్తమ్మ మనవరాలు. నా సబ్జెక్టులో నూటికి తొంభై దాటే పిల్ల ఆ ఒక్కతే. అచ్చిబాబుని అడిగితే నసిగాడు. పిల్లలు "దెయ్యం మనవరాలు" అని పిలుస్తున్నారట. బెంచీలో పక్కన ఎవరూ కూర్చోవడం లేదట. వాళ్ళ నాన్న ఏసురాజు ఆమెను చదువు మానిపించి, సోమవారం నుంచి రొయ్యలు వలిచే షెడ్డుకి పంపుతున్నాడట.

ఆరోజు శుక్రవారం. దెయ్యాన్ని కనిపెట్టింది నేను, శిక్ష ఆ పిల్లకి. వెళ్ళి ఏసురాజుతో మాట్లాడాలి. వాళ్ళ పేటేమో వంతెన దగ్గర. ఏసురాజు పని నుంచి ఇంటికొచ్చేదే చీకటి పడ్డాకట. అంటే వెళ్ళేది క్లాసు అయ్యాక, ఏడు గంటలకి, తోటలోంచి.

అన్నాళ్ళూ నేనెలా ఇంటికెళ్ళానో చెప్పలేదు కదూ. ఆ మొదటి రాత్రి తర్వాత రోజూ తలనొప్పి అని ఐదింటికే వచ్చేసేవాణ్ణి. హెడ్మాస్టరుగారు పాపం అమృతాంజనం కొనిచ్చారు.

తూము దగ్గర దిగాను. డైనమో నొక్కాను. ఎక్కాను... ఎక్కింది.

అదే బరువు. అదే మూలుగు. సరుగుడు చెట్లు హోరుమంటున్నాయి. సగం దూరం వచ్చేసరికి ఇంక తొక్కలేక ఆగిపోయాను. లైటు ఆరిపోయింది. సైకిలు దిగి, నడిపించుకుంటూ పరుగు మొదలెట్టాను. దానితోపాటు మూలుగు కూడా పరిగెత్తుకొస్తోంది. వంతెన ముందు చెప్పు తెగి, సైకిలుతో సహా బోర్లా పడ్డాను.

లాంతరు పట్టుకుని ఏసురాజు వచ్చాడు, వెనకాలే దేవకుమారి. నన్ను లేపి అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. పిల్లని బడికి పంపమని చెప్పడానికి వచ్చినవాణ్ణి, నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "కేరియర్ మీద... మీ అమ్మ..."

ఏసురాజు మొహం తిప్పుకున్నాడు. బతికుండగా మా అమ్మని ఎక్కించుకున్నోడు లేడండి, అన్నాడు మెల్లిగా. నాకు తల ఎత్తాలనిపించలేదు.

దేవకుమారి వాళ్ళ నాన్న చేతిలోంచి లాంతరు అందుకుంది. దాన్ని కింద పెట్టి, నా సైకిలు స్టాండు వేసింది. చేత్తో పెడలు తిప్పింది. చక్రం బరువుగా తిరిగింది, మూలుగు వినిపించింది, లైటు వెలిగింది. తిప్పడం ఆపింది. లైటు ఆరింది. డైనమో పైకి లాగి మళ్ళీ తిప్పింది. చక్రం చప్పుడు లేకుండా గిర్రున తిరిగింది.

"మీరొకసారి తిప్పండి సార్."

తిప్పాను. డైనమో వేసి ఒకసారి, తీసి ఒకసారి. మీరైతే ఎప్పుడో కనిపెట్టేసి ఉంటారు.

"యాంత్రిక శక్తి విద్యుచ్ఛక్తిగా మారుతుందని మీరే చెప్పారు కదండీ," అంది. "ఆ శక్తి ఎక్కడిదని మీరడిగితే, తొక్కేవాడి కాళ్ళదని నేనే చెప్పానండి."

ఆ పాఠం చెప్పి నెల కాలేదు. నల్లబల్ల మీద బొమ్మ కూడా గీశాను.

తర్వాత ఆ పిల్ల చాలా చిన్నగా అడిగింది. "ఇది రేపు క్లాసులో చెప్తారా సార్?"

చెప్తే మూఢనమ్మకాల మేష్టారు సొంత డైనమోకి జడిసి పరిగెత్తాడని పరగణా అంతా నవ్వుతుంది. చెప్పకపోతే ఆ పిల్ల సోమవారం నుంచి రొయ్యలు వలుస్తుంది. సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నాను, రెండు నిమిషాలు ఆలోచించాను.

శనివారం ఉదయం సైకిలుని క్లాసులోకే తీసుకెళ్ళాను. దేవకుమారి ముందు బెంచీలో ఒక్కతే కూర్చుంది. నలభై ఇద్దరు పిల్లల చేతా పెడలు తిప్పించాను. కిటికీలోంచి చూస్తున్న అచ్చిబాబుని కూడా పిలిచి తిప్పించాను. "నోట్సులో రాసుకోండి," అన్నాను. "ఒకటి, రత్తమ్మగారు దెయ్యం కాలేదు. రెండు, మీ మేష్టారు పిరికివాడు."

రెండోది అందరూ ఇష్టంగా రాసుకున్నారు. సోమవారం దేవకుమారి పక్కన ముగ్గురు కూర్చున్నారు. నా వెనక మాత్రం పదేళ్ళ తర్వాత కూడా ఎవరో ఒకరు గుయ్‌మని మూలుగుతూనే ఉన్నారు.

కథ ఇక్కడితో ఆపితే నాకూ మర్యాదగా ఉండేది.

మార్చి మొదట్లో పౌర్ణమి రాత్రి అదే దారిలో వస్తున్నాను. తోటలో వెన్నెల పిండారబోసినట్టుంది. లైటు అక్కర్లేదని డైనమో వేయలేదు. తూము దాటాను... సైకిలు బరువెక్కింది.

వంగి చూశాను. డైనమో టైరుకి బెత్తెడు దూరంలో ఉంది. మూలుగు లేదు. టైర్లలో గాలి ఆ సాయంత్రమే కొట్టించాను. ఇసుక అనుకున్నాను. ఎదురుగాలి అనుకున్నాను. సైన్సు మేష్టారిని, కారణాలకి లోటు లేదు. ఆకు కూడా కదలడం లేదు.

ఈసారి దండకం చదవలేదు. ఎందుకో భయం కంటే సిగ్గే ఎక్కువగా వేసింది. వెనక్కి చూడకుండా, మెల్లిగా అన్నాను — "పట్టుకుని కూర్చోండి రత్తమ్మగారూ. ముందు గొయ్యి ఉంది."

వంతెన దగ్గర కాలు నేల మీద ఆనించి ఆగాను. సైకిలు తేలికైంది. కాసేపు ఉండి, ఇంటికొచ్చేశాను.

పొద్దున్న మా ఆవిడ రామలక్ష్మి వరండాలోంచి పిలిచింది. మా ఇంట్లో నీచు వండరు. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని కేరియర్ వైపు చూపిస్తోంది.

"ఏంటండీ ఇది, ఎండు చేపల వాసన. రాత్రి ఏం తెచ్చారు?"

ఏమీ తేలేదన్నాను. ఒకావిడని వంతెన దాకా ఎక్కించుకున్నానని చెప్పాను.

"ఎవరావిడ?"

"నువ్వెరగవులే," అన్నాను. "ఎప్పుడో అడిగింది. నేనే ఆలస్యం చేశాను."