రంగు రాని కేకు

"ఓవెన్‌కి ఏ రోగమూ లేదు మేడమ్. నిక్షేపంలా ఉంది."

"మరి నా కేకుకెందుకీ రోగం?"

ఆమె పళ్ళెం తెచ్చి అతని ముందు ఠపీమని పెట్టింది. కేకు పొంగింది, ఉడికింది, రంగు మాత్రం రాలేదు. జ్వరంతో మంచాన పడి లేచిన మనిషి ముఖంలా పాలిపోయి ఉంది.

అతను ఓవెన్లు బాగుచేసే మెకానిక్. ఆ ఇంటికి రావడం మూడోసారి. మొదటిసారి కాయిల్ చూశాడు, రెండోసారి మార్చేశాడు. ఈసారి లోపల థర్మామీటర్ పెట్టి మరీ చూశాడు. వేడి ఎంత ఉండాలో అంతే ఉంది.

"మీకు పని రాకపోతే రాదని చెప్పండి. ఇంకో మెకానిక్‌ని పిలుచుకుంటాను."

"మీకు కేకు రాకపోతే రాదని ఒప్పుకోండి. ఇంకో ఇంటికి పోతాను."

కిటికీ పక్కన పడక్కుర్చీలో కూర్చున్న ఆమె తండ్రి పకపకా నవ్వాడు. రిటైరైన లెక్కల మాస్టారు. ఇంట్లో కూడా మేజోళ్ళు వేసుకునే మనిషి.

"వాడితో పోట్లాటెందుకు తల్లీ? కేకు బ్రహ్మాండంగా ఉంది. ఇంకో ముక్క పెట్టు."

"మీకన్నీ బ్రహ్మాండమే నాన్నా." ఆమె మెకానిక్ వైపు తిరిగింది. "మీరు తినండి. తిని చెప్పండి."

అతను ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. తీపిగానే ఉంది. కానీ ఆ తీపి నాలుకకి చల్లగా తగిలి చటుక్కున మాయమైపోయింది.

"నిజం చెప్పమంటారా?"

"చెప్పండి."

"బాగోలేదు. తీపి ఏదో తేడాగా ఉంది."

కుర్చీలో మాస్టారి నవ్వు ఆగిపోయింది. ఆమె కొడుతుందేమోనని అతను ఒకడుగు వెనక్కి వేశాడు.

ఆమె స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఏడాది నుంచి నాతో నిజం మాట్లాడిన మొదటి మనిషి మీరే."

ఏడాది క్రితం స్కూటర్ ప్రమాదం. నడిపింది ఆమె. వెనక కూర్చున్న తల్లి అక్కడికక్కడే పోయింది. ఆమె తలకి దెబ్బ తగిలింది. గాయం మానింది కానీ వాసన పోయింది. వాసనతో పాటే రుచి కూడా పోయింది. అంతా మట్టి నమిలినట్టే.

"చాలాకాలం మంచం దిగలేదు నేను. రోజూ ఘాటైన వాసనలు పీలుస్తూ ఉండమన్నారు డాక్టరు. వెనిలా, దాల్చినచెక్క, నిమ్మతొక్క. ఎప్పుడైనా ఆ నరం మేలుకోవచ్చట. ఊరికే సీసాలు వాసన చూస్తూ కూర్చోలేక కేకులు మొదలుపెట్టాను. నాన్న ఈ ఓవెన్ కొనిచ్చారు."

"మరి కుదిరిందో లేదో మీకెలా తెలుస్తుంది?"

"తినేవాళ్ళంతా జాలితో అబద్ధమే చెబుతారు. రంగు అబద్ధం చెప్పదు. కేకు బంగారు రంగులో బయటికొచ్చిన రోజు, నాకింకా ఏదో చేతనవుతుందని నమ్ముతాను."

అతను తలూపాడు. పనిముట్లు సర్దుకోవడానికి మాస్టారి కుర్చీ పక్కన వంగాడు. అప్పుడు తగిలింది ముక్కుకి, వెనిలా వాసనను చీల్చుకుని ఇంకేదో వాసన. ఎక్కడో ఎలుక చచ్చినట్టు.

నోరు తెరిచాడు. ఆమె ఓవెన్ తలుపును తడిగుడ్డతో మెరిసేలా తుడుస్తోంది. మీ ఇల్లు కంపు కొడుతోందని, వాసనే తెలియని అమ్మాయికి ఎలా చెబుతారు?

నోరు మూసుకున్నాడు.

* * *

ఆ తర్వాత పిలవకుండానే రావడం మొదలుపెట్టాడు. ఒకరోజు తలుపు రబ్బరు చూడాలన్నాడు. ఇంకోరోజు ప్లగ్గు వదులుగా ఉన్నట్టు అనుమానమన్నాడు.

"ఏమండీ స్క్రూడ్రైవర్ గారూ, ఇవాళ ఏ స్క్రూ వదులైంది?"

"నాదే మేడమ్."

ఆమె నవ్వు దాచుకోవడానికి పిండి జల్లెడ ముఖానికి అడ్డం పెట్టుకుంది. ముక్కు మీద తెల్లగా పిండి అంటింది. అతను చెప్పలేదు. చూస్తూ ఉండిపోయాడు.

ఓ సాయంత్రం ఉన్నట్టుండి వాన దిగింది. ఆమె కిటికీ తీసి నిలబడింది.

"వాన వాసన ఎలా ఉంటుందో మర్చిపోతున్నాను. చెప్పరూ?"

అతను తల గోక్కున్నాడు. "వేడి పెనం మీద నీళ్ళు చిలకరిస్తే వస్తుంది చూడండి, అందులో కొంచెం ఇటుక పొడి కలిపినట్టు."

"ఛీ! కవిత్వం చెబుతారనుకుంటే వంటింటి లెక్క చెప్పారు."

అంటూనే కళ్ళు మూసుకుంది. పెనం, నీళ్ళు, ఇటుక పొడి. కాసేపటికి ఆమె పెదవుల మీద చిన్న కదలిక. అతను మనసు పారేసుకున్నది అప్పుడే.

కేకు మాత్రం పాలిపోయే వస్తోంది. ఎర్రబడే దాకా ఉంచితే ఎండి చెక్కయిపోతోంది. పిండి మార్చింది, వెన్న మార్చింది. ఒకరోజు పళ్ళెం ఎత్తి చెత్తబుట్టలో బోర్లించి, గదిలోకి పోయి తలుపేసుకుంది.

"మళ్ళీ మంచమెక్కుతుందేమో బాబూ." మాస్టారు మెకానిక్ చెయ్యి పట్టుకున్నాడు. "ఏదో ఒకటి చెయ్యవూ?"

మర్నాడు పొద్దున ఆమె పాలకి వెళ్ళింది. అప్పుడే వచ్చిన అతను, మొన్నటి తేడా తీపి గుర్తొచ్చి, వంటగదిలో చక్కెర డబ్బా మూత తీశాడు. తెల్లగా పలుకులు. చిటికెడు నాలుక మీద వేసుకున్నాడు. అదే చల్లదనం. గరిటెలో కొంచెం పోసి స్టవ్ మీద పెట్టాడు. చక్కెరైతే కరిగి ఎర్రబడి పాకమవ్వాలి. ఇది నీళ్ళలా కరిగింది తప్ప రంగు మారలేదు.

దొరికాడు దొంగ! కొట్టువాడు నకిలీ సరుకు అంటగట్టాడన్నమాట. రుచి తెలియని పిల్ల కదా అని ఆడుకున్నాడు.

ఈ మాట ఆమెతో చెబితే? నా నాలుక చచ్చిందని వీధి వీధంతా తెలిసిపోయిందా అని కుమిలిపోదూ? అతను ఆ పొడి మొత్తం సింకులో పారబోశాడు. పక్క వీధి నుంచి మంచి చక్కెర తెచ్చి డబ్బా నింపాడు. ఎవరికీ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం ఓవెన్ తలుపు తెరవగానే ఆమె కెవ్వుమంది.

"నాన్నా! రంగు! రంగొచ్చింది!"

నిజంగానే బంగారు రంగు. చేతి గుడ్డ జారిపోతున్నా పట్టించుకోకుండా ఆమె ఆ ట్రేని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది. కళ్ళ నిండా నీళ్ళు.

మాస్టారు మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపాడు. చక్కెర డబ్బా వైపు చూశాడు. మెకానిక్ వైపు చూశాడు. చివరికి కూతురి ముఖం చూశాడు.

"ఇంకో ముక్క పెట్టు తల్లీ."

ఆ రోజు నుంచి ఆమె రోజూ చేసింది. ఆయన రోజూ తిన్నాడు.

* * *

కొన్ని వారాల తర్వాత ఓ ఆదివారం ఉదయం అతను గుమ్మంలో అడుగుపెట్టేసరికి మాస్టారు కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు. ఆమె పిలుస్తోంది. పలకడం లేదు. మెకానిక్ ఆయన్ని ఎత్తుకుని ఆటోలో వేశాడు. గాలికి ఆయన పంచె ఎగిరినప్పుడు ఆ వాసన మళ్ళీ కొట్టింది. ఈసారి అది ఎలుక కాదని తెలిసిపోయింది.

ఆసుపత్రిలో సర్జన్ మేజోడు కత్తిరించి తీశాడు. పాదం నల్లగా కుళ్ళిపోయి ఉంది.

"షుగర్ ఎప్పటి నుంచి?"

"మా నాన్నకి షుగరేంటి?"

"పాత చీటీలు ఉన్నాయమ్మా. ఏడాది క్రితం ఈ ఆసుపత్రిలోనే బయటపడింది. మీరిక్కడ చేరి ఉన్నప్పుడే." సర్జన్ గొంతు కఠినంగా మారింది. "ఈ పుండు నిన్నా మొన్నటిది కాదు. గదంతా కంపు కొడుతూ ఉండాలి. ఇంట్లో ఒక్కరికీ తెలియలేదా?"

"నాకు వాసన రాదు," అంది ఆమె.

కాలు చీలమండ పైదాకా తీసేయాలన్నాడు సర్జన్. ఆలస్యమైతే మనిషే దక్కడన్నాడు. ఆమె సంతకం పెట్టింది. ఆపరేషన్ గది తలుపు మూసుకుంది.

వరండాలో బల్ల మీద ఇద్దరే మిగిలారు.

"నాకు తెలిసింది." మెకానిక్ తల ఎత్తలేదు. "మీ కేకు తిన్న రోజే వాసన తగిలింది. ఎలుకనుకున్నాను. మీరు నొచ్చుకుంటారని చెప్పలేదు."

ఆమె అతని వైపు తిరిగింది.

"డబ్బాలో ఉన్నది చక్కెర కాదు. నకిలీ సరుకనుకుని నేనే మార్చాను. అదీ మీరు నొచ్చుకుంటారనే చెప్పలేదు."

ఒక్క క్షణంలో ఆమెకి అంతా అర్థమైంది. సరుకులు తెచ్చేది నాన్నే. షుగర్ రోగులు వాడే పొడి కొని, చక్కెర డబ్బాలో పోసి పెట్టింది నాన్నే. కూతురు చేసిన కేకు వద్దనలేక. వద్దంటే తను మళ్ళీ మంచమెక్కుతుందని.

"అయితే మీకూ నా మీద జాలేనన్నమాట."

"జాలి కాదు..."

"బాగోలేదని ముఖం మీద చెప్పారు చూడండి, అందుకు నచ్చారు నాకు. ఆ ఒక్కటీ లేకపోతే మీకూ మిగతావాళ్ళకీ తేడా ఏంటి?" ఆమె లేచి నిలబడింది. "అమ్మని నా చేతులతో చంపుకున్నాను. ఇప్పుడు నాన్న కాలు తినేశాను. అదీ బంగారు రంగులో! వెళ్ళిపోండి. మళ్ళీ కనబడొద్దు."

అతను మెట్ల కింద నిలబడ్డాడు, ఆపరేషన్ అయ్యి ప్రాణభయం లేదని నర్సు చెప్పేదాకా. ఆ తర్వాత వెళ్ళిపోయాడు.

* * *

నెల దాటాక ఫోన్ మోగింది.

"బాబూ, ఓవెన్ పాడైంది. వెంటనే రా."

మాస్టారు అదే కుర్చీలో ఉన్నాడు. పక్కన చేతికర్రలు. కుడి పాదం చోట ఖాళీ. మెకానిక్ చూపు అక్కడే ఆగిపోయింది.

"కళ్ళు పైకెత్తు. కాలు పోయింది నా వల్ల, నీ వల్ల కాదు. అసలు చక్కెరని మొదటి ముక్కకే తెలిసిపోయింది నాకు. డబ్బాలో మళ్ళీ పొడి పోసెయ్యొచ్చు. పొయ్యలేదు. ఏడాది తర్వాత దాని ముఖంలో వెలుగు చూశాను. ఆ వెలుగు కోసం తిన్నాను. పిల్లలకి లెక్కలు చెప్పినవాణ్ణి, నా లెక్క తప్పాను."

"నేను ఆ రోజు వాసన గురించి నోరు విప్పి ఉంటే..."

"విప్పలేదు. ఇక విప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు ఈ ఇంట్లో ఒకడుండాలి. నాకు చేతకాదు. ఆ ఉద్యోగం నీకిస్తున్నాను."

వంటగది గుమ్మంలో ఆమె నిలబడి ఉంది. చిక్కిపోయింది. చేతులకి పిండి.

"ఓవెన్ పాడైందని ఎవరన్నారు?"

"నేనే," అన్నాడు మాస్టారు.

"ఇంకా అబద్ధాలు మానలేదా నాన్నా?"

"ఇదే ఆఖరిది తల్లీ. ఒట్టు."

ఆమె లోపలికి వెళ్ళి ఒక ముక్క బ్రెడ్డు తెచ్చి అతని చేతిలో పెట్టింది. చక్కెర లేదు. గోధుమపిండి, ఈస్ట్, నీళ్ళు.

"తిని చెప్పండి."

నమిలాడు. "ఉప్పు వెయ్యడం మర్చిపోయారు."

"ఇంకా?"

"అడుగు మాడింది. మధ్యలో పచ్చిగా ఉంది."

"ఇంకా?"

"మీరు నన్ను వెళ్ళిపొమ్మన్నప్పటి నుంచి నాకు ఏ ఇంట్లోనూ పని మీద మనసు నిలవడం లేదు."

ఆమె కళ్ళు తిప్పుకోలేదు. మాస్టారు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. తలకిందులుగా.

"రోజూ నాన్న కాలు కట్టు విప్పి కళ్ళతో చూస్తాను. వాసన నాకు తెలియదు. దాన్ని తలుచుకుంటే నిద్ర పట్టదు." ఆమె ఒకడుగు ముందుకి వేసింది. "ఈ ఇంట్లో నాకొక ముక్కు కావాలి. మంచి వాసనైనా, కుళ్ళు వాసనైనా, నేను నొచ్చుకున్నా, ఏడ్చినా, చెప్పి తీరాలి. చెప్పగలవా?"

'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. అతను గమనించాడు.

"చెబుతాను."

"వారంటీ ఎన్నాళ్ళు ఇస్తావ్?"

"మనిషి ఉన్నన్నాళ్ళు."

"అయితే మొదలుపెట్టు. ఇప్పుడు ఏం వాసన వస్తోంది?"

ఆమె కళ్ళు మూసుకుంది. అతను గట్టిగా గాలి పీల్చాడు.

"మాస్టారి కట్టు దగ్గర మందు వాసన. మందు ఒక్కటే, ఇంకేమీ లేదు."

ఆమె భుజాలు నెమ్మదిగా దిగాయి. "ఊఁ."

"బయట మబ్బు పట్టింది. ఇటుక పొడి."

"ఊఁ."

"నీ చేతులకి ఈస్ట్ వాసన. పుల్లగా. బాగోలేదు, కానీ నాకు నచ్చింది."

ఆమె మూసిన రెప్పల కింద నుంచి ఒక చుక్క జారింది. చెయ్యి చాపి అతని వేళ్ళు పట్టుకుంది.

"ఇంకా?"

అతను మళ్ళీ పీల్చాడు. ముఖం మారింది.

"లోపల రెండో బ్రెడ్డు మాడుతోంది."

"అయ్యో! ముందే చెప్పొచ్చుగా!" ఆమె చెయ్యి విదిలించుకుని పరుగెత్తింది.

"ఇప్పుడే మొదలైంది మేడమ్!" అతను వెనకే పరుగెత్తాడు. "ఒక్క క్షణం కూడా దాచలేదు!"