కుదుపు లేకుండా ఆగిన క్రేన్

ఇంజనీరుని షెడ్డులో అందరూ కొలతల దొర అంటారు. అతని మొదటి మాటకే ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్ళు మండింది. ఫౌండ్రీ షెడ్డులోంచి ఫిట్టర్ శవం ఇంకా లేవలేదు. ఈ ఇంజనీరేమో బూటుకంటిన మసి తుడుచుకుంటున్నాడు.

"పైన క్రేన్ పట్టాకి బోల్టులు బిగిస్తూ జారాడు సార్. తాగొచ్చుంటాడు."

"వాసన లేదే?"

"పోనీ, నిర్లక్ష్యం. క్రేన్ అయితే కదల్లేదు. నిలిపేచోట గీసిన సుద్దగీత దగ్గరే ఉంది, చూడండి."

శవం గీతకి నాలుగు మీటర్ల అవతల ఉంది.

క్రేన్ ఆపరేటర్ గోడకి చేరగిలబడి ఉన్నాడు. చచ్చినవాడికి సొంత అన్న. అతను క్రేన్ ఆపితే బరువు ఊగిపోతుంది. అందుకే అతన్ని అందరూ కుదుపు అంటారు.

ఇన్‌స్పెక్టర్ మోటారు స్పీడ్ గ్రాఫ్ తెరమీదకి తెప్పించాడు. ఒకటీ పదికి, భోజనాల వేళ, సున్నా గీతకి పైన ఒక మూపురం. వెంటనే కింద ఒక గొయ్యి.

"ఇదేంటి?"

"ఇంటిగ్రేట్ చేసి దూరం లెక్కకట్టాను సార్. మొత్తం సున్నా. కదల్లేదన్నట్టే."

"మూపురం ప్లస్, గొయ్యి మైనస్. కలిపితే సున్నాయే. బజారుకెళ్ళి ఇంటికొచ్చినవాడు గడప దాటలేదంటావా? విడివిడిగా కొలువు. నాలుగు మీటర్లు ముందుకి, నాలుగు వెనక్కి. స్పీడ్ సున్నా దాటినచోట క్రేన్ వెనక్కి తిరిగింది. అక్కడే ఫిట్టర్ ఉన్నాడు. క్రేన్ తగిలే కిందపడ్డాడు."

దొర మాట మార్చి కుదుపు వైపు వేలు చూపించాడు. "అయితే నడిపింది వీడే! అన్నదమ్ములకి పడదు. అరెస్ట్ చెయ్యండి."

"తోడబుట్టినవాణ్ణి చంపుకుంటానా? నీ నోట్లో మన్ను పడ!" కుదుపు లేచాడు.

"క్రేన్ నడిపే రిమోట్ ఎక్కడుంటుంది?"

"భోజనానికెళ్తే ఆ మేకుకి తగిలిస్తాం సార్. ఎవడైనా తీసుకోవచ్చు."

ఇన్‌స్పెక్టర్ పొద్దుటి గ్రాఫ్ కూడా తెప్పించి, ఒకటీ పదిదాని పక్కన పెట్టాడు. "కుదుపు ఆపిన తీరు ఇది. గోడ మీంచి దూకినట్టు. స్లోప్ నిట్టనిలువు. మరి ఒకటీ పదిది? స్లోప్ తగ్గుతూ తగ్గుతూ, పిల్లి అడుగులా సున్నా చేరింది. కింద మనిషి చచ్చిపడుంటే చెయ్యి వణక్కుండా ఇలా ఆపేదెవరు?"

కుదుపు కళ్ళు దొర మీదికి తిరిగాయి. "రోజూ తిట్టేవాడు సార్. ఆపడం నన్ను చూసి నేర్చుకోరా గాడిదా, అని."

దొర చేతులు వెనక్కి పోయాయి. బేడీలు పడ్డాయి.

"ఎందుకు చంపావ్?"

కుదుపు అందుకున్నాడు. "మా ఇద్దరి కష్టంతో స్థలం కొనిపించి, రిజిస్ట్రేషన్ తన పెళ్ళాం పేర చేయించాడు. నిన్న తమ్ముడు ఈయన కాలర్ పట్టుకున్నాడు. కోర్టుకెక్కుతానన్నాడు."

"ఎంత స్థలం?"

"చెరో గది వేసుకుందామన్నాడు సార్ తమ్ముడు." కుదుపు వెళ్ళి శవం పక్కన కూర్చున్నాడు. "నూట ఇరవై గజాలు."