పాడుపెట్టిన ఇంట్ల పచ్చ లైటు

మిర్యాలగూడల రైసుమిల్లుల వెనక ఒక సందు ఉన్నది. ఆ సందుల మూడో ఇంటి ముందుకెల్లి పొద్దుగూకినంక ఎవ్వరు పోకపోతుండిరి. చుట్టు తిరిగి పోతే పావుగంట ఎక్కువైతది... అయినా చుట్టే తిరుగుతుండిరి.

ఎందుకంటే — ఆ ఇంట్ల వెలుగు కనపడుతుండె.

తాళమేసిన ఇల్లు. తలుపుకు అడ్డం తుమ్మకంప. లోపల మనిషన్నోడు లేడు. గసుంటి ఇంట్ల, కిటికి రెక్కల సందులకెల్లి, సన్నగ పచ్చటి వెలుగు... వెలుగుతది, ఆరుతది. మళ్ల వెలుగుతది, మళ్ల ఆరుతది. తెల్లారేదాక గదే తీరు.

"సచ్చిపోయిన లీలావతమ్మ దీపం పట్టుకొని తిరుగుతున్నది" అన్నది పాలుపోసే సరోజ. ఆమె ఒక్కసారి అన్నదంటే ఊరంత అన్నట్టే. కరెంటు పోతె ఆ వెలుగు గూడ పోతుండె. "కరెంటు పోతె ముసలమ్మ పండుకుంటది, వస్తె లేస్తది" అని పగటిపూట చాయ్ తాక్కుంట నవ్వుతుండిరి. రాత్రిపూట మాత్రం ఎవ్వనికీ నవ్వు రాకపోతుండె.

ఇది రెండువేల పన్నెండు నాటి ముచ్చట. నాకు చెప్పినాయన ఆ సందుల ఉన్నోడే, ఆ రాత్రి టార్చిలైటు పట్టుకొని గాడ నిలబడ్డోడే. జర ఎక్కువ మాట్లాడుతడు గని, అబద్ధమాడె మనిషి కాదు.

మరి ఆ వెలుగేందో తెలిసిన మనిషి ఊర్ల ఒక్కడే ఉన్నడు. ఆ ఇంటాయనే — రాధాకృష్ణ. లీలావతమ్మ ఒక్కగానొక్క కొడుకు. కన్నతల్లిని దెయ్యమంటుంటె, అది దెయ్యం కాదని తెలిసీ నోరు ఇప్పలేదు మహానుభావుడు.

ఎందుకు ఇప్పలేదో చెప్పాలంటె, జర ఎనకకు పోవాలె.

రాధాకృష్ణకు ముప్పై నాలుగేండ్లు. పగలంత మిల్లు, వడ్లు, లారీలు. పిల్లలు ఇంకా కాలేదు. ఆ ఏడు సంక్రాంతి పోయినంక హైదరాబాదు పోయి, టీవీకి తగిలిచ్చుకొని ఆడే గేమ్ బాక్సు ఒకటి కొనుక్కొచ్చిండు. భార్య శిల్ప నెత్తి కొట్టుకున్నది. "గా వయసుల గిదేం పిచ్చండీ?" అన్నది.

మొదట్ల ఒక్కడే ఆడుతుండె, మెషీన్ తోని. అమ్మ పిలిస్తె బటన్ నొక్కి ఆపి లేస్తుండె. బొమ్మ ఎక్కడిది అక్కడ నిలబడుతుండె. గంతవరకు ఏ పంచాయితీ లేదు.

తర్వాత ఎవరో చెప్పిండ్రు — దానికి నెట్టు పెట్టుకుంటె బతికున్న మనుషుల తోని ఆడొచ్చని. ఇగ ఆగుతడా? ఇంట్ల ఫోన్ లైను ఉన్నది అమ్మ గదిలనే. మోడెం గాడనే పెట్టిచ్చిండు. వైరు పొట్టిది, అందుకని టీవీ, బాక్సు గూడ అమ్మ మంచం పక్కకే తెచ్చిండు. ఈమెయిల్ అడిగింది, పాస్‌వర్డ్ అడిగింది, పేరు అడిగింది. "మిల్లు ఆర్కే" అని పెట్టుకున్నడు. అప్‌డేట్ అంటూ ఒక రాత్రంత అదే దిగింది. మర్నాడు చెవులకు హెడ్‌సెట్ తగిలిచ్చుకొని యుద్ధంలకు దిగిండు... నిండ నిమిషం కాకముందే సచ్చిండు.

చెవుల ఎవరో పకపక నవ్విండు. తెలుగుల!

"కొత్తా అన్నా? అట్లా పరిగెత్తమాకు. గోడ పక్కన కూసో, నేనొస్తున్నా."

వాడు కోదాడ భిక్షపతి. గొర్లు కాసే ఇంట్ల పుట్టి బ్యాంకుల క్లర్కు అయిండు. ముఖం ఎరగరు, ఫోన్ నెంబరు ఎరగరు. అయినా రోజు రాత్రి పదింటికి ఇద్దరు చెవుల కలుసుకుంటుండిరి. గోడ చాటున కూసునుడు, ఒకని ఎనక ఒకడు నడుసుడు, అన్ని భిక్షపతే నేర్పిండు. "ఒకటి మాత్రం యాదుంచుకో అన్నా" అని మొదటి రోజే చెప్పిండు. "ఇది మధ్యలో ఆపే ఆట కాదు. నువ్వు లేస్తే మనోళ్ళందరూ ఓడిపోతారు."

లీలావతమ్మ మంచంల పండుకొని కొడుకును చూస్కుంట ఉంటుండె. ఆమెకు ఆయాసం. "ఎవర్రా నీ చెవుల మాట్లాడేది? మంచోడేనా?" అని అడుగుతుండె. కొడుకు నవ్వుతె ఆమె గూడ నవ్వుతుండె.

జూన్ నెల, తొలకరి వానలు. ఆ రాత్రి పదకొండున్నరకు ఆట జోరు మీదున్నది. పక్కనుంచి అమ్మ మంచినీళ్ళు అడిగింది. రాధాకృష్ణకు వినబడ్డది. వినబడలేదని నేను చెప్పను, ఆయన గూడ చెప్పలేదు. "రెండు నిమిషాలమ్మా" అన్నడు. ఆ రెండు నిమిషాలు ఇరవై నిమిషాలాయె. ఆట గెలిచి, గ్లాసు పట్టుకొని తిరిగి చూసేటాల్లకు...

అమ్మ లేదు.

గాడ కూలబడ్డడు. గంటలు గంటలు గట్లనే కూసున్నడు. తెల్లారి నాలుగింటికి శిల్పను లేపిండు. "నిద్రలనే పోయింది... ఇప్పుడే చూసిన" అన్నడు. అందరు "పుణ్యాత్మురాలు, సుఖంగ పోయింది" అన్నరు.

పంతులు వచ్చి అడిగే మొదటి ముచ్చట ఏంది? ప్రాణం పోయిన టైము. రాధాకృష్ణ నేల చూపులు చూసుకుంట, "నాలుగింటికి" అన్నడు.

పంతులు పంచాంగం తిరగేసి తల ఊపిండు. "ఒంటిగంట దాటినంక ధనిష్ఠ వచ్చింది. అంతకు ముందు పోతె శ్రవణం, ఏ దోషం లేకపోవు. ఇప్పుడు ఇల్లు ఆరు నెలలు పాడుపెట్టాలె. తాళం పడ్డంక చెంచా గూడ బయటికి తేవద్దు."

చూసిన్రా? ఒక్క అబద్ధం. నీళ్ళియ్యలేదని దాచుకునేటందుకు చెప్పిన టైము... తల్లికి చెడ్డ నక్షత్రం తెచ్చిపెట్టింది. "కాదు పంతులుగారూ, పదకొండున్నరకు" అంటె అయిపోవు. అంటె, మరి తెల్లారేదాక ఎందుకు చెప్పలేదని అడుగుతరు గద?

ఆ తొందరల ఎవ్వరు మెయిన్ బందు చెయ్యలేదు. మోడెం గట్లనే ఉండిపోయింది, దాని పచ్చ లైట్లు కొట్టుకుంటనే ఉన్నయి. వీళ్ళు ఎదురింటి మేడ మీద కిరాయికి దిగిండ్రు. లీలావతమ్మ చెల్లె, చిన్నమ్మ లక్ష్మీనర్సమ్మ, వేములపల్లి నుంచి వచ్చి వీళ్ళ తోనే ఉన్నది. ఆమె రోజు రాత్రి కిటికిల నిలబడి ఆ వెలుగు చూసి, "చీమకు గూడ అపకారం చెయ్యలేదు మా అక్క... దెయ్యమెట్లయిందిరా కిష్టా?" అని ఏడుస్తుండె. రాధాకృష్ణ గోడ దిక్కు మొహం తిప్పుకొని పండుకుంటుండె. నిద్ర పట్టేది కాదు.

నాలుగు నెలలు గట్ల గడిచినయి. పెద్దలకు బియ్యమిచ్చే పెత్తరమాస వచ్చింది. సందులోల్లు ఇగ ఊకోలేదు. పెద్దవూర దిక్కునుంచి దెయ్యాలు కట్టేటాయనను పిలిపిస్తున్నరు. మర్నాడు పొద్దున్నే వచ్చి గుమ్మంల ఏడు మేకులు కొడతడట. కొట్టినంక లోపలున్న ఆత్మ ఇటు రాదు, అటు పోదు — గాడనే పడి ఉంటదట.

రాధాకృష్ణ చెవుల గూడ పడ్డదీ ముచ్చట. అమ్మ గుమ్మంల మేకులా! పోయి ఆ వైరు పీకేస్తె చాలు, వెలుగు ఆరిపోతది, మంత్రగాడి పని ఖతం. ఎవ్వనికి ఏం చెప్పే పని గూడ లేదు... చూడుండ్రి, అప్పుడు గూడ దాచుకునే ఉపాయమే!

రాత్రి పదకొండు దాటింది. శిల్ప నిద్రపోయిందని చూసి మెల్లగ దిగిండు. ఇంటి పక్క గల్లికెల్లి పోయి పెరటి తలుపు తాళం తీసిండు. లోపల నాలుగు నెలల మక్కిన వాసన. కాలి కింద దుమ్ము. ముందు గదిల చీకటి... అమ్మ గదిల పచ్చ వెలుగు.

వెలుగుతది... ఆరుతది.

ఒట్టి నవారు మంచం. దాని మీద ఆ రాత్రి తను విసిరేసిన హెడ్‌సెట్.

వైరు మీద చెయ్యి పెట్టిండు. బుద్ధున్నోడైతె పీకి వస్తడు. ఈయన పీకలే. నాలుగు నెలలు ఎవ్వనితోని మనసిప్పి మాట్లాడని మనిషి. తన తప్పు తెల్వనోడు, తనను చూసి "పాపం, తల్లి పోయింది" అననోడు లోకంల ఒక్కడే ఉన్నడు. ఒక్కసారి గొంతు విని పీకేస్త అనుకున్నడు. టీవీ, బాక్సు ఆన్ చేసిండు. హెడ్‌సెట్ పెట్టుకున్నడు.

"అన్నా!" చెవుల భిక్షపతి. "నాలుగు నెలలాయె. ఎటు పోయావ్?"

"గీడనే ఉన్న" అన్నడు గుసగుసగ.

"రా రా, మనోళ్ళలో ఒకడు తక్కువున్నాడు."

ఆట మొదలైంది. చేతులు వాటంతట అవే ఆడుతున్నయి. రెండు నిమిషాలు... మూడు...

"మంచినీళ్ళు..."

చేతులు ఆగినయి.

ముసలి గొంతు. నీరసంగ, ఊపిరి అందక. మెల్లగ మంచం దిక్కు తిరిగిండు. ఒట్టి నవారే.

"ఇన్ని... మంచినీళ్ళియ్యి... బిడ్డా..."

"అమ్మా..." అన్నడు. "అమ్మా, తెస్తున్న... ఈసారి తెస్తున్నమ్మా..."

అప్పుడు చెవుల ఇంకో గొంతు.

"ఉండవే అమ్మా! రెండు నిమిషాలు!"

భిక్షపతి!

రాధాకృష్ణకు అర్థమయ్యేటందుకు జరసేపు పట్టింది. ఆ గొంతు ఈ ఇంట్లది కాదు. కోదాడది. వాని తల్లిది.

"భిక్షపతీ... ఎవరు పిలిచేది?"

"మా అమ్మే అన్నా. జరం. రాత్రంతా అట్లానే పిలుస్తా ఉంటది. నువ్వు కుడి పక్కకి పో—"

"లే."

"ఏందన్నా?"

"లేచి నీళ్ళియ్యి."

"మధ్యలో ఎట్లా లేస్తానన్నా? ఓడిపోతాం—"

"ఓడిపోనీ!" రాధాకృష్ణ అరిచిండు. ఆ అరుపు ఖాళీ ఇంట్ల గోడ గోడకు తగిలింది. "మా అమ్మ గూడ అడిగిందిరా! గిదే గదిల! రాత్రి పదకొండున్నరకు... నీతోని ఆడుకుంట రెండు నిమిషాలన్న. ఆట గెలిచిన, తిరిగి చూసిన... సచ్చిపోయింది. లే భిక్షపతీ, నీ కాళ్ళు మొక్కుత, లే!"

చెవుల ఏదో దబ్బున కింద పడ్డది. అడుగుల చప్పుడు. తర్వాత ఏం లేదు.

చానాసేపు... ఏం లేదు.

రాధాకృష్ణ దేవుళ్ళకు ఒక్కొక్కరికి మొక్కిండు. తెర మీద ఆట ఓడిపోయి ఆగింది. అప్పుడు, దూరంగ, గ్లాసు చప్పుడు. దగ్గు. ఆ ముసలమ్మ గొంతే, "ఇంక చాలు బిడ్డా... నువ్వు పండుకోరాదు" అన్నది.

రాధాకృష్ణ నవారు మంచం పట్టె మీద తల పెట్టి ఎక్కెక్కి ఏడ్చిండు. ఏడ్చుకుంటనే మోడెం వైరు పీకేసిండు.

గని అప్పటికే సందంత లేచింది. పాడుపెట్టిన ఇంట్ల నీలం వెలుగు, మొగ గొంతు ఏడుపు! టార్చిలైట్లు, కట్టెలు పట్టుకొని తుమ్మకంప ముందట గుమిగూడిండ్రు. పక్క గల్లికెల్లి ఒక మనిషి ఆకారం బయటికి రాంగనే సరోజ కెవ్వుమన్నది. లైటు మొహం మీద పడ్డంక గుర్తువట్టిండ్రు.

"ఏమండీ! మీరా?" శిల్ప ఉరికొచ్చి చెయ్యి పట్టుకున్నది. "లోపల ఏమున్నది?"

ఇగ దాచుకునేటందుకు ఆయన దగ్గర ఏం మిగల్లేదు.

"దెయ్యం లేదు" అన్నడు. "మీరు చూసింది ఇంటర్నెట్ లైటు. నాకు మొదటినుంచి ఎర్కే. అమ్మ నాలుగింటికి పోలేదు, పదకొండున్నరకు పోయింది. నీళ్ళడిగింది. నేను ఆటల ఉండి ఇయ్యలేదు. టైము నేను అబద్ధం చెప్పిన."

శిల్ప చెయ్యి ఆయన చెయ్యి మీది నుంచి మెల్లగ జారింది.

తర్వాత ఎనకనుంచి ఎవరో, "అయితె శ్రవణం నక్షత్రమే గద? దోషం లేనట్టే!" అన్నరు. "ఇల్లు తెరవొచ్చు!" అన్నరు ఇంకొకరు. మంత్రగాడికి రావొద్దని కబురు పంపాలన్నరు. అందరి మొహాలల్ల భయం పోయింది.

లక్ష్మీనర్సమ్మ వాళ్ళను తోసుకుంట ముందుకొచ్చింది. తిడతదనుకున్నడు, కొడతదనుకున్నడు. కొడితె బాగుండు అనుకున్నడు. ఆమె ఆయన గదవ పట్టుకొని మొహం పైకెత్తింది.

"ఎన్నిసార్లు అడిగిందిరా మా అక్క?"

ఆ ప్రశ్న శిల్పకు తోచలేదు, సందులోల్లకు తోచలేదు. నాలుగు నెలలు రాధాకృష్ణ తనకు తనే గూడ చెప్పుకోని లెక్క అది.

"నాలుగుసార్లు, చిన్నమ్మా."

ఆమె గదవ వదల్లేదు.

"మూడుసార్లు నన్నే పిలిచింది" అన్నడు. "నాలుగోసారి... నన్ను పిలువలే. తొమ్మిదేండ్ల కింద పోయిన మా బాపును పిలిచి, నీళ్ళియ్యమన్నది."