పాత ట్యాంకులో గొంతు

పాత నీళ్ళ ట్యాంకు పక్కనుంచి చీకటి పడ్డాక దాదాపు ఎవరూ వెళ్ళరు. ఎంత చుట్టు తిరగాల్సి వచ్చినా సరే, మార్కెట్ వీధిలోంచే పోతారు. నాలుగేళ్ళ కిందట ఆ ట్యాంకు ఖాళీ చేయించి లోపల రంగు వేయిస్తున్న రోజుల్లో, వరసగా రెండు రాత్రులు పైనుంచి ఏడుపు వినిపించిందట. మాటలా లేదు, పాటలా లేదు... ఊళలాంటిదేదో. మూడో రాత్రికి ఆగిపోయింది. ఆ తర్వాత దాంట్లో నీళ్ళు పట్టినా తాగేవాళ్ళెవరు? పక్కనే కొత్తది కట్టారు. పాతది అలాగే ఖాళీగా ఉండిపోయింది.

ఈ సంగతి డబడబకి తెలుసు. అసలు పేరు వేరే ఉంది గానీ, పొద్దస్తమానం ఆమె గదిలోంచి వచ్చే చప్పుడుకి వీధివాళ్ళు ఆ పేరే ఖాయం చేశారు. అక్క ఇంట్లో వెనక గది, గోడలకి ఆనించిన పాత పరుపులు, ఒక కంప్యూటరు, రెండు స్పీకర్లు. అక్కడే కూర్చుని బ్రెజిల్ డోలు దరువు కింద జమైకా బేసు పరిచి, దాని మీద సెనెగల్ నుంచి ఒక ర్యాపర్ పంపిన మాటలు అతికించి, అన్నీ ఒక తల్లి పిల్లలే అనిపించేలా చేసేది.

"ఇది ఏ దేశం పాటే?" అని అక్క అడిగితే, "మన వెనక గది దేశం" అనేది.

ఆ మధ్యే దశ తిరిగింది. విదేశీ రేడియోలో పాటల కార్యక్రమం నడిపే ఒకావిడ, వచ్చే వారం నీ కొత్త పాట వేస్తానని కబురు పంపింది. పాటంతా కుదిరింది గానీ మధ్యలో చప్పట్ల దగ్గర ప్రాణం లేదు. ఏ మీట నొక్కినా డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టే ఉంది. పెద్ద కాంక్రీటు గుహలాంటి చోట కొట్టిన చప్పట్లు కావాలి. అలాంటి చోటు ఊళ్ళో ఒక్కటే. పగలు అక్కడ లారీల రొద. ఇక మిగిలింది రాత్రే.

అక్క ఆసుపత్రిలో నర్సు. ఆమె రాత్రి డ్యూటీకి వెళ్ళగానే, డబడబ తాడు నిచ్చెన, రికార్డరు సంచిలో వేసుకుని బయల్దేరింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే వెళ్ళనివ్వరు కదా.

బయటి మెట్లు ఎక్కింది. పైకప్పులో ఒక అంచున మనిషి పట్టేంత కంత. పక్కనున్న ఇనుప కొక్కేనికి నిచ్చెన కట్టి దిగింది. ఇంకా నాలుగు మెట్లు ఉండగా — కొక్కెం ఊడింది. ఆమె, నిచ్చెన, కొక్కెం... అన్నీ ఒక్కచోటే పడ్డాయి.

చీలమండ మడతపడింది. పైన పళ్ళెమంత ఆకాశం. ఫోనులో సిగ్నల్ లేదు.

"ఎవరైనా ఉన్నారా" అని అరిచింది.

అరిచిన మాట గోడల చుట్టూ తిరిగింది. తనలో తనే కలిసిపోయి, సాగి సాగి... చివరికి ఊళ అయింది. ఆమె చెవికి వెంటనే అర్థమైంది, బయటికి పోయేదీ అదేనని.

కాసేపటికి కింద స్కూటరు ఆగింది. ప్రాణం లేచొచ్చింది.

"నన్ను పైకి లాగండి... పడిపోయాను."

గోడలు దాన్నీ నమిలి బయటికి ఉమ్మాయి.

"విన్నావా?" కిందనుంచి మగగొంతు.

"వెనక్కి చూడకండి... పోనివ్వండి," అంది ఒక ఆడమనిషి.

స్కూటరు వెళ్ళిపోయింది.

తర్వాత ఎవరో నడిచొచ్చారు. ఈసారి ఒక్కో అక్షరం విడదీసి పిలిచింది. అడుగులు పరుగయ్యాయి. దూరంగా కిటికీలు మూసుకుంటున్న చప్పుడు, ఒకదాని తర్వాత ఒకటి. ఎంత అరిస్తే జనం అంత దూరం పోతున్నారు. అరవకపోతే తను ఇక్కడ ఉందనే ఎవరికీ తెలియదు.

ఫోను వెలుగులో చుట్టూ చూసింది. రెండుగా విరిగిన వెదురు నిచ్చెన. ఎండిపోయిన రంగు డబ్బాలు. అవతలి మూల పట్టా కప్పిన మూట — పనివాళ్ళు వదిలేసిన బట్టలనుకుంది. వెలుగు గోడ మీదికి తిప్పింది.

తెల్లరంగు చేతిముద్రలు. కంత కింది గోడ మీద, మనిషి ఎగిరితే అందేంత ఎత్తు దాకా... ఒకదాని మీద ఒకటి, వేళ్ళు జారిన గీతలతో.

వెలుగు మెల్లగా మళ్ళీ మూట మీదికి వెళ్ళింది. పట్టా అంచున చెప్పులు.

చెప్పులు వట్టివి కావు.

ఫోను ఆర్పేసింది. కుంటుకుంటూ వీలైనంత దూరం జరిగి గోడకి ఆనుకుంది. ఇంకా అరిచింది... అర్ధరాత్రి దాటాక గొంతు పూర్తిగా పోయింది. పెదవులు కదిలాయి గానీ శబ్దం రాలేదు. ఆ చీకట్లో, ఆ మూలకి ఎదురుగా కూర్చోవడం తప్ప ఆమె చేయగలిగింది ఏమీ లేదు.

ఇంకా తెల్లవారకముందే పైన టార్చి వెలిగింది.

"ఎవరు?" వణుకుతున్న గొంతు.

ఆమె రికార్డరుతో గోడ మీద కొట్టింది. కొద్దిసేపటికి పొడవాటి ఇనుప నిచ్చెన దిగింది. దించినాయన వాల్వు ఆపరేటరు, కొత్త ట్యాంకు కింది గదిలోనే ఉంటాడు, రిటైరుమెంటుకి దగ్గరపడ్డ మనిషి. ఆమె పైకి చేరాక సీసాలో నీళ్ళిచ్చి, చాలాసేపు ముఖంలోకే చూశాడు.

"నా పేరు నీకెవరు చెప్పారమ్మా?"

"మిమ్మల్ని చూడటమే ఇప్పుడు, బాబాయ్," అంది. గాలి తప్ప గొంతు లేదు.

"ఇందాక పిలిచావుగా. మూడు గంటలప్పుడు. పేరు పెట్టి... రెండుసార్లు."

ఆమె తల అడ్డంగా ఊపింది. మూడు గంటలకి ఆమెకి గొంతే లేదు.

ఆయన కంత పక్కన కూలబడ్డాడు.

"అప్పుడూ అంతే," అన్నాడు. "రంగులేసేవాడు నా స్నేహితుడమ్మా. రోజూ నా గదిలోనే కలిసి తినేవాళ్ళం. చెప్పకుండా వేరే ఊరు పనికి పోయాడన్నారు, నేనూ అనుకున్నాను. రెండో రాత్రి ఆ ఊళలో నా పేరు వినిపించింది... దెయ్యాలు పేరు పెట్టి పిలుస్తాయంటారు కదా. పలికితే పట్టుకుంటాయంటారు. దుప్పటి కప్పుకుని చెవులు మూసుకున్నాను."

"మరి ఇవాళ ఎందుకొచ్చారు?"

"కంటినిండా నిద్రపోయి నాలుగేళ్ళయింది. పట్టుకుంటే పట్టుకోనీ అనిపించింది."

ఆమె కంత దగ్గరికి జరిగింది. లోపలి మూల వైపు వేలు చూపించింది. ఆయన టార్చి అటు తిప్పాడు. వెలుగు పట్టా మీద, దాని అంచున ఉన్న చెప్పుల మీద ఆగింది... ఇక కదల్లేదు.

ఆయన కంతలోకి వంగాడు.

"ఊఁ... వచ్చానురా," అన్నాడు.

ఆ మాట లోపల గోడల చుట్టూ తిరిగి తిరిగి, ఎప్పటికో గానీ ఆగలేదు.