మూత లేని తూటా

"రేపు పొద్దున షెరీఫ్ వచ్చి నన్ను తీసుకుపోతాడటమ్మా! మా ఆవిడ మంచం దిగలేదు. నేను జైల్లో కూర్చుంటే దానికి గుక్కెడు సూప్ ఎవరు తాగిస్తారు?"

డిటెక్టివ్ లెనోరా స్కార్ ఆ ముసలాయన ముందుకు కాఫీ జరిపింది. డెబ్బై ఏళ్ళ ఆర్వెల్ స్టెనెరుడ్ రెండు చేతులతో కప్పు పట్టుకున్నాడు. మోంటానాలోని ఆ లోయలో సగం మందికి తుపాకీ పట్టడం నేర్పిన చేతులవి.

సంగతి చిన్నదే. పక్క పశువుల రాంచ్ మిసెస్ బ్రాండ్‌వోల్డ్ గారి ఆబోతును కంచె దగ్గర ఎవరో కాల్చి చంపారు. దాని ఒంట్లోంచి తీసిన సీసం తూటా అడుగున సన్నని గీత ఉంది. ఆర్వెల్ సీసం కరిగించి తూటాలు పోసుకునే అచ్చులో గాటు ఉంది కాబట్టి అందులో పోసిన ప్రతి తూటాకూ ఆ గీత పడుతుంది. పైగా ఆబోతు కంచె విరగ్గొట్టినప్పుడల్లా "కాల్చి పారేస్తా" అని ఆయన నలుగురిలో అరిచాడు.

"ఆ అచ్చు ఇంకెవరైనా వాడతారా?"

"హార్లన్, వేడ్. ఇద్దరికీ పోత పని నేనే నేర్పా."

లెనోరా, ఆమె అసిస్టెంట్ కర్టిస్ మధ్యాహ్నానికల్లా ఇద్దరినీ కలిశారు. హార్లన్ దగ్గర ఉన్నది ఆర్వెల్ దగ్గరున్నలాంటిదే, సెమీ ఆటోమేటిక్ రైఫిల్.

"నేనా? కదలని డబ్బానే కొట్టలేనని ఊరంతా నవ్వుతుంటే!" అన్నాడతను.

బ్రాండ్‌వోల్డ్ గారి దగ్గర పనిచేసే వేడ్ మాత్రం నవ్వలేదు. గోడకు అతని పాత లివర్ రైఫిల్, చేత్తో మీట లాగి కాల్చేది, వేలాడుతోంది.

"ఆబోతు నీ గుర్రాన్ని పొడిచిందటగా?"

"పొడిచింది. గుర్రాన్ని నేనే చంపుకోవాల్సొచ్చింది. అయినా పాపం, ఆర్వెల్ మాస్టారికి కోపమెక్కువ మేడమ్."

దారిలో కర్టిస్ ఊరుకోలేకపోయాడు. "ఏం తేలింది మేడమ్? నాకైతే తలా తోకా దొరకట్లేదు!"

"తూటా అడుగు చూశావా? ముక్కు నలిగింది గానీ అడుగు చెక్కు చెదరలేదు. పొద్దున అందరినీ ఆర్వెల్ షెడ్డుకి పిలు."

మర్నాడు షెరీఫ్, మిసెస్ బ్రాండ్‌వోల్డ్, హార్లన్, వేడ్ అందరూ వచ్చారు. లెనోరా ఆర్వెల్ తూటా ఒకటి బల్లమీద పెట్టింది. దాని అడుగుకి గిన్నెలాంటి చిన్న రాగి మూత బిగించి ఉంది.

"సెమీ ఆటోమేటిక్‌లో ప్రతి దెబ్బకీ వేడి గ్యాసు గొట్టానికున్న చిన్న కన్నంలోంచి పోయి, తర్వాతి తూటాని లోపలికి తెస్తుంది. ఈ మూత లేకుండా బోడి సీసం కాలిస్తే అడుగు కరిగి ఆ కన్నం పూడుకుపోతుంది. రైఫిల్ మొరాయిస్తుంది. హార్లన్, నువ్వెప్పుడైనా మూత లేకుండా కాల్చావా?"

"బాబోయ్! మాస్టారు చెవి మెలేస్తారు."

షెరీఫ్ చేతిలోని తూటాను ఆమె తిప్పి చూపించింది. "దీనికి మూత లేదు. ఊడిపోయిందనుకుందామా? బిగించినప్పుడు పడే నొక్కు కూడా లేదు. అసలు పెట్టనే లేదన్నమాట. మూత అక్కర్లేని రైఫిల్ ఈ ముగ్గురిలో ఒక్కరి దగ్గరే ఉంది. లివర్‌ని చేత్తోనే లాగాలి, గ్యాసుతో పనిలేదు."

వేడ్ తలెత్తలేదు. "నేనే... గుర్రం పోయిన కోపంలో కాల్చేశా. మాస్టారి మీదికి పోతుందని అనుకోలేదు. పోయాక నోరు పెగల్లేదు."

షెరీఫ్ వేడ్ భుజం మీద చెయ్యి వేశాడు.

ఆర్వెల్ మెల్లగా లేచి వచ్చాడు. ఆయన గొంతులో కోపం లేదు, ఏడుపుంది.

"ఒరే వేడూ, నిన్న రాత్రి మా ఇంట్లోనే తిన్నావు. మా ఆవిడ 'ఈయన పోతే నాకెవర్రా' అని ఏడిస్తే, పక్కన కూర్చుని దానికి సూప్ నువ్వే తాగించావు. ముద్ద ఎలా దిగిందిరా నీకు?"